హెన్రీ డేల్: పదిహేడేళ్లు ఆగిన డాక్టరు

మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. పారాసిటమాల్ స్ట్రిప్ పక్కనే గ్యాస్ బిళ్ల ఒకటి తప్పకుండా ఉంటుంది. ర్యానిటిడినో, ఫామోటిడినో, ప్యాంటాప్రజోలో. పండగపూట నాలుగు గారెలు ఎక్కువ తిన్నా, గుండెల్లో మంటగా ఉన్నా, ఆఖరికి తలనొప్పి వచ్చినా అదే వేసుకునేవాళ్లను ఓపీలో రోజూ చూస్తుంటాను. 2020 తర్వాత దానికి ఇంకో పని కూడా అంటగట్టారు. జలుబు, దగ్గు, జ్వరం రాగానే, కరోనా అనుమానం రాగానే ఫామోటిడిన్ మొదలుపెట్టేయడం. వైరల్ జ్వరాల సీజన్ వచ్చినప్పుడల్లా ఆ ప్రశ్న నన్ను ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అది వేసుకుంటే వైరస్ లక్షణాలు త్వరగా తగ్గుతాయట కదా, నిజమేనా అని.

2021 మే నెలలో, రెండో వేవ్ ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో, మా వార్డుకి ఒక రిటైర్డ్ టీచర్ వచ్చారు. అరవై దాటిన మనిషి. జ్వరం మొదలై అప్పటికి తొమ్మిదో రోజు. వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ 81 చూపించింది. ఆయన భార్య సంచిలోంచి మూడు ఖాళీ స్ట్రిప్పులు తీసి చూపించారు, మూడూ ఫామోటిడినే. ఫోన్‌లో వచ్చిన మెసేజ్ చూసి మొదలుపెట్టారట. నాలుగో రోజుకి జ్వరం తగ్గింది. మందు పనిచేస్తోందని సంతోషించారు. ఆరో రోజున బాత్రూమ్ దాకా నడిస్తే ఆయాసం వచ్చింది. మందు పనిచేస్తోందిగా, ఇంకో రెండు రోజులు చూద్దామనుకున్నారు. ఆయన బతికారు. పందొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికి వెళ్లారు. ఆ బిళ్ల ఆయనకు చేసిన హాని ఏమీ లేదు. ఆ నమ్మకంతో ఇంట్లో గడిచిపోయిన మూడు రోజులే హాని చేశాయి.

ఈ ఆలోచన పూర్తిగా పిచ్చిదేమీ కాదు. దీని వెనక నిజమైన శాస్త్రం కొంత ఉంది. కడుపులో యాసిడ్ ఊరించే పదార్థం, ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకుపోయేలా చేసే పదార్థం రెండూ ఒకటే. దాని పేరు హిస్టమిన్. ఆ హిస్టమిన్ ఒంట్లో ఏమేం చేస్తుందో మొదట వివరంగా చూసినవాడు సర్ హెన్రీ డేల్ అనే ఇంగ్లిష్ డాక్టరు. ఆయన కథ తెలిస్తే ఈ బిళ్ల కథ మీకే అర్థమవుతుంది.

రై గింజల మీది బూజు

హెన్రీ హాలెట్ డేల్ 1875 జూన్ 9న లండన్‌లో పుట్టాడు. ఏడుగురు పిల్లల్లో మూడోవాడు. తండ్రిది వ్యాపారం. కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కాలేజీలో చదివి, లండన్ సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రిలో వైద్యం నేర్చుకున్నాడు. కానీ మనసంతా ప్రయోగశాల మీదే ఉండేది. కొంతకాలం లండన్ యూనివర్సిటీ కాలేజీలో, కొన్ని నెలలు జర్మనీలో పాల్ ఎర్లిక్ దగ్గర పనిచేశాడు.

1904లో పెళ్లి చేసుకున్నాడు. అదే ఏడాది హెన్రీ వెల్‌కమ్ అనే మందుల కంపెనీ యజమాని తన పరిశోధనశాలలో ఉద్యోగం ఇస్తానన్నాడు. స్నేహితులు వద్దన్నారు. కంపెనీలో చేరితే శాస్త్రవేత్తగా పేరు చెడుతుందని అప్పట్లో అందరి భయం. జీతం మంచిది, చేతినిండా పని ఉంటుంది. డేల్ చేరిపోయాడు. సంసారం మొదలుపెట్టిన ఏ డాక్టరైనా అదే చేసి ఉండేవాడనుకుంటాను.

వెల్‌కమ్ ఆయనకు ఒక సలహా ఇచ్చాడు. వీలున్నప్పుడు ఎర్గాట్ సంగతి చూడమని. ఎర్గాట్ అంటే రై అనే ధాన్యం కంకుల మీద పెరిగే ఒక రకం బూజు. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి యూరప్ మంత్రసానులు దాన్ని వాడేవారు. మోతాదు తప్పితే వేళ్లు కుళ్లిపోయేవి. అందులో అసలు పనిచేసేది ఏమిటో ఎవరికీ తేలలేదు. డేల్‌కి ఆ పని మీద మొదట పెద్ద ఆసక్తి లేదు. కానీ ఆ బూజులోంచే ఆయన జీవితమంతా బయటికొచ్చింది.

ఒక రోజు ఎర్గాట్ ఇచ్చిన పిల్లి మీద ప్రయోగం ముగిసే సమయానికి, ఫ్యాక్టరీ నుంచి అడ్రినలిన్ గ్రంథి మందు ఒకటి పరీక్షకు వచ్చింది. దాన్ని అదే పిల్లికి ఎక్కించాడు. రక్తపోటు పెరగాల్సింది పోయి పడిపోయింది. మందు పాడైందని రాసి పంపేశాడు. వారం తర్వాత ఇంకో శాంపిల్ వచ్చింది. మళ్లీ ఎర్గాట్ ఇచ్చిన పిల్లే, మళ్లీ అదే ఫలితం. అప్పుడు వెలిగింది ఆయనకి. తప్పు మందులో లేదు, ముందే ఇచ్చిన ఎర్గాట్ అడ్రినలిన్ పనిని తలకిందులు చేస్తోంది. తాను తొందరపడి రాసిన ఆ తీర్పును డేల్ చివరిదాకా మరచిపోలేదు. ముసలితనంలో కూడా తన మీద తనే నవ్వుకుంటూ ఆ కథ చెప్పేవాడు.

ఆ రోజుల్లోనే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి రసం గర్భసంచిని బిగుసుకునేలా చేస్తుందని కూడా చూశాడు. ఈనాడు ప్రతి ప్రభుత్వాసుపత్రి లేబర్ రూములో ఉండే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌కి మొదలు అదే. ఎర్గాట్‌లో మంత్రసానులు వెతికిన అసలు మందు ఎర్గోమెట్రిన్ 1935లో బయటపడింది. అందులో డేల్ సహోద్యోగి హెరాల్డ్ డడ్లీ చేయి ఉంది. మీ ఇంట్లో కాన్పు ఆసుపత్రిలో జరిగి ఉంటే ఈ రెండింటిలో ఏదో ఒకటి వాడే ఉంటారు.

పోలిక కనబడింది, కానీ...

1910లో రసాయన శాస్త్రవేత్త జార్జ్ బార్జర్‌తో కలిసి డేల్ ఎర్గాట్‌లోంచి హిస్టమిన్‌ని వేరుచేశాడు. తర్వాత ప్యాట్రిక్ లెయిడ్‌లా అనే యువ డాక్టరుతో కలిసి దాన్ని జంతువులకు ఎక్కించి చూశాడు. గినీ పందికి కొద్దిగా ఎక్కిస్తే చాలు, ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు బిగుసుకుపోయి నిమిషాల్లో చనిపోయేది. కుక్కలో రక్తపోటు దారుణంగా పడిపోయేది.

డేల్‌కి ఇదంతా ఎక్కడో చూసినట్టే అనిపించింది. 1902లో ఫ్రాన్స్‌లో షార్ల్ రిషే, పోర్టియే అనే ఇద్దరు అనాఫిలాక్సిస్‌ని కనిపెట్టారు. ఒకసారి ఒంట్లోకి వెళ్లిన పదార్థమే రెండోసారి వెళ్లినప్పుడు ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్ అది. పెన్సిలిన్ ఇంజెక్షన్ పడక, కందిరీగ కుట్టి కుప్పకూలిన వాళ్ల గురించి మీరు వినే ఉంటారు. అనాఫిలాక్సిస్‌లో గినీ పంది ఎలా చనిపోతుందో, హిస్టమిన్‌తో కూడా అచ్చం అలాగే చనిపోతోంది.

ఇంకొకరైతే ఆ రోజే పేపర్లకెక్కేవారు. అలర్జీకి కారణం కనిపెట్టేశాం అని. డేల్ పోలిక ఉందని రాసి, అక్కడే ఆగాడు. ఎందుకంటే ఒక పెద్ద లోటు ఉంది. హిస్టమిన్ బూజులో దొరికింది సరే, ఆరోగ్యంగా ఉన్న శరీరంలో అది ఉందని రుజువేది? ఒంట్లోనే లేని పదార్థం ఒంట్లో రోగం ఎలా తెస్తుంది?

మరుసటి ఏడాదే బార్జర్, డేల్ పశువుల పేగు లోపలి పొరలో హిస్టమిన్ చూశారు. ఇక చాలనుకోవచ్చు కదా. డేల్ అనుకోలేదు. పేగుల్లో బ్యాక్టీరియా ఉంటుంది. కుళ్లే మాంసంలో బ్యాక్టీరియా హిస్టమిన్‌ని తయారుచేస్తుంది. ఐసు సరిగా లేక పాడైన సముద్రపు చేప తిన్నాక ముఖం ఎర్రబడి, దద్దుర్లు లేచే మనుషులు మా ఓపీకి వస్తుంటారు. చాలాసార్లు అది చేప అలర్జీ కాదు, ఆ చేపలో అలా పుట్టిన హిస్టమిన్. మరి పేగులో దొరికింది శరీరం తయారుచేసుకున్నదా, కుళ్లడంవల్ల వచ్చిందా? తేలలేదు కాబట్టి డేల్ తేల్చి చెప్పలేదు.

మధ్యలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. 1914లో ఆయన వెల్‌కమ్ కంపెనీని వదిలి ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థలో చేరాడు. గాయపడ్డ సైనికులు పెద్దగా రక్తం పోకపోయినా షాక్‌లోకి ఎందుకు జారుతున్నారో తెలుసుకోవడానికి మళ్లీ హిస్టమిన్ దగ్గరికే వచ్చాడు. 1922లో ఇన్సులిన్ కొత్తగా వచ్చినప్పుడు దాన్ని చూసిరావడానికి టొరంటో వెళ్లాడు. మందుల బలాన్ని ప్రపంచమంతా ఒకే కొలతతో కొలవాలని పట్టుబట్టి సాధించినవారిలో ఆయన ఒకడు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇన్ని యూనిట్ల ఇన్సులిన్ అని చెప్పుకుంటారే, ఆ యూనిట్ల లెక్క వెనక ఆయన కృషి కూడా ఉంది.

చివరికి 1927లో డేల్ బృందం అప్పుడే తీసిన తాజా ఊపిరితిత్తుల నుంచి, కాలేయం నుంచి హిస్టమిన్‌ని వేరుచేసింది. కుళ్లడానికి సమయమే ఇవ్వలేదు. అంటే హిస్టమిన్ ఒంట్లో సహజంగానే ఉంది. 1910 నుంచి 1927 దాకా పదిహేడేళ్లు. అప్పటికీ సగమే రుజువైంది. అలర్జీ రియాక్షన్ జరిగే క్షణంలో అది ఊపిరితిత్తుల్లోంచి నిజంగా బయటికొస్తుందని చూపడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. ఆ పని బెర్లిన్‌లో చేసినవారిలో విల్హెల్మ్ ఫెల్డ్‌బర్గ్ అనే యువకుడు ఒకడు. యూదుడని 1933లో హిట్లర్ ప్రభుత్వం అతణ్ని ఉద్యోగంలోంచి తీసేస్తే, లండన్‌లో తన ప్రయోగశాలలో చోటిచ్చింది డేలే.

ఈలోగా పోలండ్ శాస్త్రవేత్త పోపీల్‌స్కీ హిస్టమిన్ ఇచ్చిన కుక్క కడుపులో యాసిడ్ విపరీతంగా ఊరుతుందని 1920లో ప్రచురించాడు. మీ గ్యాస్ బిళ్ల కథ అక్కడ మొదలైంది.

ఒకే తాళంచెవి, వేర్వేరు తాళాలు

1936లో డేల్‌కి నోబెల్ వచ్చింది. అది హిస్టమిన్‌కి కాదు, నరాలు ఒకదానికొకటి రసాయనాలతో మాట్లాడుకుంటాయని చూపినందుకు. పాత స్నేహితుడు ఒట్టో లోవీతో కలిసి పంచుకున్నాడు. ఆ కథ చాలా పెద్దది, ఇంకెప్పుడైనా చెప్పుకుందాం.

మన సంగతికి కావలసింది 1937లో జరిగింది. పారిస్‌లో డేనియల్ బోవె హిస్టమిన్‌ని అడ్డుకునే మొదటి మందు కనిపెట్టాడు. ఈనాటి సెట్రిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ దాని వారసులే. ఇవి దురద, తుమ్ములు, దద్దుర్లు తగ్గిస్తాయి. కానీ ఒక విచిత్రం కనిపించింది. ఎంత ఇచ్చినా ఇవి కడుపులో యాసిడ్‌ని తగ్గించలేకపోయాయి. అంటే ఒకే తాళంచెవి రెండు వేర్వేరు తాళాలు తీస్తోందన్నమాట. ముక్కు, చర్మం, గాలి గొట్టాల్లో ఉన్న తాళం హెచ్1. కడుపులో ఉన్నది హెచ్2. ఈ రెండో తాళాన్ని జేమ్స్ బ్లాక్ బృందం 1972లో నిరూపించింది. 1976లో సిమెటిడిన్ వచ్చింది, ఆ తర్వాత ర్యానిటిడిన్, ఫామోటిడిన్. ఇవన్నీ హెచ్2 తాళానికి అడ్డుపడేవి. తుమ్ములకి ర్యానిటిడిన్, గుండెమంటకి సెట్రిజిన్ ఎందుకు పనికిరావో ఇప్పుడు మీకు తెలిసిపోయింది కదా. ప్యాంటాప్రజోల్‌కైతే హిస్టమిన్‌తో సంబంధమే లేదు. అది యాసిడ్ పంపునే నేరుగా ఆపుతుంది.

మరి కరోనాకి ఫామోటిడిన్ ఎలా వచ్చింది? 2020 మొదట్లో చైనాలో కొందరు డాక్టర్లు ఒక విషయం గమనించారు. చవకైన ఫామోటిడిన్ వాడే ముసలి రోగులు కొందరు బతికి బయటపడుతున్నారు. రికార్డులు తిరగేస్తే ఆ మందు వాడినవారిలో 14 శాతం, వాడనివారిలో 27 శాతం చనిపోయినట్టు కనిపించింది. వినడానికి చాలా పెద్ద తేడా. కానీ అది కాకతాళీయం కాదని చెప్పేంత బలం ఆ లెక్కకి లేదు. న్యూయార్క్‌లో ఆసుపత్రిలో చేరిన 1,620 మంది రికార్డులు చూస్తే ఫామోటిడిన్ తీసుకున్న 84 మంది మెరుగ్గా ఉన్నట్టు తేలింది. ఇంట్లోనే ఉండి పెద్ద మోతాదులో వేసుకున్న పదిమంది ఒకటి రెండు రోజుల్లో హాయిగా ఉందన్నారు. వైరస్ వచ్చినప్పుడు హిస్టమిన్ నింపుకున్న మాస్ట్ కణాలు రెచ్చిపోతాయేమో, దాన్ని ఈ మందు చల్లారుస్తుందేమో అని ఒక వివరణ కూడా తయారైంది.

ఇదంతా డేల్ 1910లో చూసినలాంటిదే. పోలిక. తేడా ఏమిటంటే ఈసారి ఎవరూ ఆగలేదు. అమెరికాలో కొన్ని వారాల్లోనే మందుల షాపుల్లో ఫామోటిడిన్‌కి కొరత వచ్చింది. మన ఫోన్లలోకి మెసేజ్‌లు వచ్చాయి.

రుజువు మాత్రం తన తీరిక చూసుకుని వచ్చింది. మందు నేరుగా వైరస్‌ని అడ్డుకుంటుందేమోనని కంప్యూటర్ లెక్కలు చెప్పాయి, ల్యాబ్‌లో కణాల మీద పరీక్షిస్తే అడ్డుకోలేదు. ఆ తర్వాత ఎక్కువమంది రోగుల రికార్డులతో, ఇతర గ్యాస్ మందులు వాడినవారితో పోల్చి చూసిన అధ్యయనంలో ఆ మేలు కనబడలేదు. 2022లో ఒక చిన్న ట్రయల్ ఫలితం వచ్చింది. ఆసుపత్రిలో చేరని 55 మందిలో కొందరికి మందు, మిగతావారికి మందులేని బిళ్ల ఇచ్చారు. ఎవరికేది ఇచ్చారో ఎవరికీ తెలియదు. మందు తీసుకున్నవారిలో కొన్ని లక్షణాలు కొన్ని రోజులు ముందుగా తగ్గినట్టు కనిపించింది. కానీ 28వ రోజుకి చూస్తే, లక్షణాలు పూర్తిగా పోయినవారి సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా వాళ్లకిచ్చింది రోజుకి 240 మిల్లీగ్రాములు. గుండెమంటకి మామూలుగా ఇచ్చే 40 మిల్లీగ్రాములకు ఆరింతలు. అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘం కరోనాకోసమని దీన్ని వాడొద్దనే చెప్పింది.

ఈ ప్రశ్న పూర్తిగా మూసుకుపోయిందని నేననను. ఆ 55 మందిలో కనిపించిన తేడా నిజమో కాదో పెద్ద ట్రయల్ చేస్తేనే తేలుతుంది. కానీ తేలనిదాన్ని మీ నాన్నగారి మీద ప్రయోగించకండి. మామూలు జలుబుకైతే ఆ పాటి ఆధారం కూడా లేదు. ముక్కు కారడంలో, గొంతు నొప్పిలో హిస్టమిన్ పాత్ర అలర్జీలో ఉన్నంత లేదు.

ఇది పూర్తిగా ప్రమాదం లేని మందని కూడా అనుకోవద్దు. ఫామోటిడిన్ కిడ్నీల ద్వారా బయటికి పోతుంది. పెద్దవాళ్లకి, షుగరుతో కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి మోతాదు తగ్గించాలి. తగ్గించకపోతే మతి తప్పినట్టు, ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడతారు. జ్వరంలో ఉన్న ముసలాయన అలా మాట్లాడితే ఇంట్లోవాళ్లు జ్వరం తలకెక్కిందనుకుంటారు. ఇక డబ్బాలో పాత ర్యానిటిడిన్ ఉంటే, ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక మలినం సమస్యతో 2020లో అమెరికా దాన్ని మార్కెట్ నుంచి తీసేయమంది. 2022లో మన దేశం అత్యవసర మందుల జాబితాలోంచి తొలగించింది. వాడుతూ ఉంటే ఒకసారి మీ డాక్టరుతో మాట్లాడండి. గుండెమంటకోసం డాక్టరు రాసిన ఫామోటిడిన్ అయితే జ్వరం వచ్చిందని మానేయనక్కర్లేదు.

ఇంకో మాట. ఛాతీలో బరువుగా ఉండి, చెమటలు పట్టి, ఎడమ చేయి లాగుతుంటే గ్యాస్ బిళ్ల వేసి పడుకోబెట్టకండి. వెంటనే ఈసీజీ తీయించండి.

తుమ్మిన ఫెరెట్

డేల్ 1928 నుంచి 1942 దాకా బ్రిటన్ జాతీయ వైద్య పరిశోధన సంస్థకి డైరెక్టర్‌గా ఉన్నాడు. ఆయన హయాంలో, ఆ సంస్థలోనే 1933లో మనిషి ఫ్లూ వైరస్‌ని మొదటిసారి పట్టుకున్నారు. పట్టుకున్న ముగ్గురిలో ఒకడు లెయిడ్‌లా. 1910లో డేల్ పక్కన నిలబడి గినీ పందికి హిస్టమిన్ ఎక్కించిన ఆ యువకుడే. ఫ్లూ వచ్చిన మనిషి గొంతు కడిగిన నీళ్లను ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువుకి ఇస్తే దానికీ ఫ్లూ వచ్చింది. తర్వాత జబ్బుపడిన ఒక ఫెరెట్ పరిశోధకుడు విల్సన్ స్మిత్ ముఖం మీద తుమ్మితే ఆయనకీ ఫ్లూ తగిలింది. హిస్టమిన్ గురించి, ఫ్లూ గురించి అంత తెలిసిన మనుషులు ఒకే సంస్థలో ఉన్నారు. అయినా ఒకదానికి మందు ఇంకోదానికి పనికొస్తుందని వాళ్లు ప్రకటించలేదు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో డేల్ రాయల్ సొసైటీ అధ్యక్షుడిగా ఉన్నాడు. తనను హెచ్చరించిన స్నేహితుల మాట కాదని చేరిన వెల్‌కమ్ పేరు మీదే ఏర్పడిన ట్రస్టుకి 1938 నుంచి 1960 దాకా పెద్దగా ఉండి, ఆ డబ్బుని వైద్య పరిశోధనకి మళ్లించాడు. 1968 జూలై 23న కేంబ్రిడ్జ్‌లో, 93వ ఏట పోయాడు. హెచ్2 తాళం రుజువు కావడానికి ఇంకా నాలుగేళ్లుంది.

మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు వస్తే పారాసిటమాల్, నీళ్లు, విశ్రాంతి చాలు. పల్స్ ఆక్సీమీటర్ ఉంటే రోజుకి రెండు మూడుసార్లు చూడండి. 94 కంటే తగ్గినా, మాట్లాడుతుంటే ఆయాసం వచ్చినా, తగ్గిన జ్వరం మళ్లీ పెరిగినా, మగతగా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. అరవై దాటినవాళ్లు, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఫ్లూ లాంటి జ్వరం రాగానే ఒకసారి చూపించుకోవడం మంచిది. ఫ్లూకి నిజంగా పనిచేసే మందు మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. వచ్చేటప్పుడు అప్పటిదాకా వేసుకున్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని రండి, ఖాళీవైనా సరే.